ఆదివారం వాక్యం చెప్పమన్నారా? బైబిల్ పాఠం నుంచే ప్రసంగం తయారుచేసుకోవడం ఎలా

"బ్రదర్, వచ్చే ఆదివారం పాస్టర్ అయ్యగారు ఊళ్ళో ఉండరంట, వాక్యం మీరే చెప్పాలి" అని ఫోన్ వస్తుంది. మన వైజాగ్‌లో గాజువాక, గోపాలపట్నం, మర్రిపాలెం, పెందుర్తి వైపు చిన్న సంఘాల్లో ఇది మామూలే, యూత్ లీడర్‌కో సండే స్కూల్ టీచర్‌కో రిటైరైపోయిన పెద్దాయనకో వస్తుంది ఈ ఫోన్, వీళ్ళెవరూ సెమినరీ మెట్లెక్కినవాళ్ళు కాదు. ఫోన్ పెట్టేయగానే ఎక్కువమంది చేసే మొదటి పని యూట్యూబ్ ఓపెన్ చేసి ఏదో ఒక పెద్ద దైవజనుడి మెసేజ్ విని పాయింట్లు రాసుకోవడం. ఇంకొంతమంది ముందు టాపిక్ అనుకుంటారు, "విజయం", "ఆశీర్వాదం", "కుటుంబం" ఇలా, ఆ తర్వాత కాంకార్డెన్సులో, అంటే బైబిల్ పదసూచికలో, ఆ మాట ఎక్కడెక్కడ ఉందో వెతికి దొరికిన వచనాలన్నీ దండ గుచ్చేస్తారు. ఈ రెండూ కాకుండా బైబిల్లో ఒక భాగం తీసుకుని అది చెప్పేదే చెప్పడం ఎలాగో, వారం రోజుల్లో ఏ రోజు ఏం చేయాలో వివరంగా రాస్తున్నా.

ముందు ఒక అపార్థం పక్కన పెట్టాలి

వాక్యం మీద ఆధారపడిన ప్రసంగం అంటే వచనాలు ఎక్కువ చెప్పడం కాదండి. అరగంటలో ఇరవై రిఫరెన్సులు తిప్పించి కూడా బైబిల్ చెప్పని మాట చెప్పొచ్చు. ఒక్క పాఠంలోనే ఉండి, ఆ పాఠం ఎక్కడ బరువు పెట్టిందో మనమూ అక్కడే బరువు పెట్టి, అది ఎవరిని ఓదారుస్తుందో వాళ్ళని ఓదార్చి ఎవరిని గద్దిస్తుందో వాళ్ళని గద్దిస్తే, అదీ ఇక్కడ నేననే వాక్య ప్రసంగం. మీ ప్రసంగాన్ని మీరే చెక్ చేసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది: మూలవాక్యం చదివిన తర్వాత బైబిల్ మూసేసి బల్ల మీద పెట్టేస్తే మీ మెసేజ్ ఇబ్బంది లేకుండా చివరిదాకా నడిచిపోతుందా? నడిచిపోతే ఆ వచనం ఉత్త గేటు పాస్ అన్నమాట, లోపలికి రావడానికి చూపించి జేబులో పెట్టుకున్నారు.

ఇంత కష్టం ఎందుకు పడాలి

నెహెమ్యా 8వ అధ్యాయం చూడండి. చెర నుంచి తిరిగొచ్చిన జనం నీటి గుమ్మం ముందు మైదానంలో చేరారు, ఎజ్రా కర్రపీఠం ఎక్కి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు, లేవీయులు జనం మధ్యలో ఉండి అర్థం చెప్పారు. 8వ వచనంలో మూడే పనులున్నాయి, స్పష్టంగా చదివారు, అర్థం చెప్పారు, జనం గ్రహించారు. అంతే. జనం ఏడ్చింది ఎజ్రా గొంతు బాగుండి కాదు, విన్నది అర్థమై.

దీని వల్ల వచ్చే అసలు లాభం వినేవాళ్ళ వైపు ఉంది. పాఠం ముందు తెరిచి ఉంటే బెంచీలో కూర్చున్న ఆవిడ "ఈయన చెప్పేది ఇక్కడుందా లేదా" అని తనే చూసుకోగలదు. అపొస్తలుల కార్యములు 17:11లో బెరయ ఊరివాళ్ళని పొగిడింది అందుకే, పౌలు అంతటివాడు చెప్పినా వాళ్ళు రోజూ లేఖనాలు తిరగేసి చూసుకున్నారు. టాపిక్ మెసేజ్‌లో అలా చూసుకోవడం కష్టం, ఎందుకంటే ఒక్కో వచనం ఒక్కో పుస్తకంలోంచి వస్తుంది, పేజీ తిప్పేలోపు ఆయన ఇంకో పుస్తకంలోకి వెళ్ళిపోతాడు.

రెండోది ప్రసంగీకుడి వైపు. ప్రతివారం మనకి నచ్చిన టాపిక్ మనమే ఏరుకుంటే మనకి నచ్చనివి సంఘం ఎప్పటికీ వినదు. కానుకల గురించి ఏడాదికి పదిసార్లు, కూలివాళ్ళ జీతం బిగబట్టడం గురించి ఒక్కసారీ లేదు అనే పరిస్థితి వస్తుంది. అదే యాకోబు పత్రిక వరసగా చెప్పుకుంటూ వెళ్తే 5:4 దగ్గర జీతం మాట రాక తప్పదు, మొదటి బెంచీలో కాంట్రాక్టర్ గారు కూర్చున్నా సరే, "నన్ను ఉద్దేశించి చెప్పాడు" అని ఆయన కోపం తెచ్చుకోడానికీ వీల్లేదు, పోయినవారం 4వ అధ్యాయం అయింది కాబట్టి ఈవారం 5 వచ్చింది మరి.

ఇదేం కొత్త పద్ధతి కాదు. ప్రొటెస్టెంట్ సంస్కర్త జ్వింగ్లీ 1519 జనవరి 1న జ్యూరిక్‌లో మత్తయి సువార్త మొదటి అధ్యాయం నుంచి వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. కాల్విన్ అనే ఇంకో సంస్కర్తని 1538లో జెనీవా నుంచి పంపేశారు, 1541లో మళ్ళీ పిలిస్తే వచ్చి, తనని వెళ్ళగొట్టినవాళ్ళని తిట్టకుండా మూడేళ్ళ కిందట ఏ వచనం దగ్గర ఆగాడో దాని తర్వాత నుంచి ఎత్తుకున్నాడు. అంతదూరం ఎందుకు, మన ఊరికే ఇందులో భాగముంది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల అనువాదం పెట్టుకున్నారు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ చనిపోయారు, వాళ్ళ మత్తయి మార్కు లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి, అప్పటికి ఇద్దరూ లేరు. జనం చేతిలో పాఠం పెట్టడానికి ఇక్కడ అంత జరిగింది, మనమేమో ఆ పాఠాన్ని రెండు నిమిషాలు చదివి పక్కన పెట్టేస్తున్నాం.

సోమవారం: పాఠం ఎంచుకోండి, వచనం కాదు

సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘమైతే ఆల్మనాక్‌లో, అంటే సంఘ క్యాలెండర్‌లో, ఆ ఆదివారానికి పాఠాలు ఇచ్చే ఉంటాయి, ఎంచుకునే తలనొప్పి లేదు, వాటిలో ఒకటి పట్టుకోండి చాలు, నాలుగూ కలిపి వండొద్దు. బాప్టిస్టు, హెబ్రోను, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాల్లో ఎంపిక మీదే. అప్పుడు నా సలహా ఏంటంటే ఒక చిన్న పుస్తకం పట్టుకుని, మీకు ఛాన్స్ వచ్చినప్పుడల్లా అందులోనే ముందుకి వెళ్ళండి. యోనా 4 అధ్యాయాలు, రూతు 4, ఫిలిప్పీయులకు 4, యాకోబు 5. ప్రకటన గ్రంథంతో మొదలెట్టకండి దయచేసి.

ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో అధ్యాయం నంబర్లని నమ్మి తేల్చకండి. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది, కొత్త నిబంధనకి ఇప్పుడు మనం వాడే వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ పెట్టాడు, అంటే పౌలు గానీ లూకా గానీ ఈ నంబర్లు చూసి ఎరగరు. కథైతే కథ మొదలై ముగిసేదాకా, పత్రికైతే ఒక వాదన పూర్తయ్యేదాకా, కీర్తనైతే మొత్తం కీర్తన. 119వ కీర్తన తప్ప, దానికి 176 వచనాలు, అందులో 8 తీసుకోండి.

ఇక్కడి నుంచి లూకా 5:1-11 ఉదాహరణగా పట్టుకుని నడుద్దాం, సీమోను, అంటే పేతురు, వలలు వేసిన సంగతి. వైజాగ్‌లో ఈ పాఠం వినని క్రైస్తవుడు ఉండడు, అందుకే తీసుకున్నా, బాగా తెలిసిన పాఠంలోనే మనం ఎక్కువగా చదవకుండా చెప్పేస్తాం.

మంగళవారం: చదవడం, చదవడం, ఇంకా చదవడం

ఈ రోజు వ్యాఖ్యానం వద్దు, యూట్యూబ్ వద్దు. పాఠం గట్టిగా చదవండి, మళ్ళీ చదవండి. బైబిల్ సొసైటీ వాళ్ళ పాత అనువాదం మన సంఘాల్లో చదివేది అదే కాబట్టి అది ఒకసారి, వాడుక భాషలో ఉన్న అనువాదం ఇంకోసారి. గాజువాక నుంచి కాంప్లెక్స్ దాకా బస్సులో వెళ్ళేవాళ్ళకి ఆ టైమ్ చాలు, ఫోన్లో ఆడియో బైబిల్ పెట్టుకుని విన్నా మంచిదే. ఆ తర్వాత పాఠాన్ని మీ సొంత చేత్తో ఒక కాగితం మీద కాపీ చేయండి, ఇది చిన్నపిల్లల పనిలా ఉంటుంది గానీ కన్ను జారిపోయేవి చెయ్యి పట్టుకుంటుంది.

లూకా 5లో అలా రాస్తే కనబడేవి చూడండి. జనం గెన్నేసరెతు సరస్సు దగ్గరికి వచ్చింది చేపల కోసం కాదు, దేవుని వాక్యం వినడానికి, అది మొదటి వచనంలోనే ఉంది. జాలరులు వలలు కడుగుతున్నారు. సీమోను యేసుని ఇప్పుడే మొదటిసారి చూడట్లేదు, 4:38-39లో అతని అత్త జ్వరం పోయింది. చేపలు పడ్డాక సీమోను సంతోషంతో గంతులేయలేదు, యేసు మోకాళ్ళ దగ్గర పడి "నన్ను విడిచిపొమ్ము, నేను పాపాత్ముడను" అన్నాడు. చివరి వచనంలో రెండు దోనెల నిండా చేపలున్నాయి, వాళ్ళు వాటిని ఒడ్డున వదిలేసి వెళ్ళిపోయారు.

ఆ చివరిది మళ్ళీ చూడండి ఒకసారి.

మనం సాధారణంగా వినే ప్రసంగం ఏంటి? "రాత్రంతా ప్రయాసపడ్డావా, ఖాళీ దోనెతో వచ్చావా, ఈ రోజు నీ దోనె నిండబోతుంది, పక్కవాళ్ళతో చెప్పండి నీ దోనె నిండుతుందని!" ఆమేన్లు మోగిపోతాయి. ఆ ప్రసంగం 7వ వచనం దగ్గర ఆగిపోయింది. లూకా 11వ వచనం దాకా రాశాడు. దోనె నిండడమే కథకి ముగింపు అయితే సీమోను ఆ దోనె దిగి వెళ్ళిపోయేవాడు కాదు కదా.

బుధవారం: ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ముందేముంది, తర్వాతేముంది

నన్నడిగితే వారం మొత్తంలో తేలిగ్గా తీసిపారేయకూడని రోజు ఇదే. ఐదు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని జవాబులు పాఠంలోంచి, చుట్టూ ఉన్న అధ్యాయాల్లోంచి మాత్రమే రాయండి: మాట్లాడేది ఎవరు, వినేది ఎవరు, ఏ పరిస్థితిలో, దీనికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది.

ఇవి అడగకపోతే ఏమవుతుందో చెప్తా. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు", యోబు 8:7. పెళ్ళి కార్డుల మీద, కిరాణా షాపు బోర్డుల మీద, ఆటోల వెనక, గృహప్రవేశం ఫ్లెక్సీల మీద ఎక్కడ చూసినా ఉంటుంది. ఈ మాట అన్నదెవరు? దేవుడు కాదు, యోబు స్నేహితుల్లో ఒకడైన బిల్దదు. దీనికి మూడు వచనాల ముందు అదే నోటితో, పదిమంది పిల్లల్ని పోగొట్టుకున్న యోబుతో, "నీ పిల్లలు పాపం చేశారు కాబట్టే ఆయన వాళ్ళని అప్పగించేశాడు" అనే అర్థం వచ్చేలా అన్నాడు. 42:7లో దేవుడు యోబు స్నేహితుల మీద కోపపడి, మీరు నా గురించి యుక్తమైనది పలకలేదు అన్నాడు. 42:12లో యోబుకి మొదటికంటే చివర ఎక్కువ దొరికిన మాట నిజమే, దేవుడు ఇచ్చాడు, గానీ బిల్దదు లెక్క ప్రకారం ఇవ్వలేదు. ఇప్పుడు ఆ ఒక్క వచనం వాగ్దానంగా ప్రకటించే ముందు ఇదంతా చెప్పాలా వద్దా? చెప్తే బిల్దదు లాంటి ఓదార్పు బాధలో ఉన్నవాడికి ఎంత గాయం చేస్తుందో అనే గొప్ప ప్రసంగం దొరుకుతుంది, అది షాపు బోర్డుకి పనికిరాదంతే.

యిర్మీయా 29:11 సంగతీ దాదాపు ఇదే. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు మీద ఇదొస్తే చాలామంది జనవరిలో ఉద్యోగం వచ్చేస్తుందనుకుంటారు. అది బబులోనులో చెరలో ఉన్నవాళ్ళకి రాసిన ఉత్తరం, పైన 10వ వచనంలో 70 ఏళ్ళు అనుంది, ఇంకా పైన 5 నుంచి 7 దాకా ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోరి ప్రార్థించండి అనుంది. శ్రీకాకుళం నుంచీ ఒడిశా నుంచీ పనికోసం వచ్చి ఇక్కడ అద్దెకుంటున్న కుటుంబాలు మీ సంఘంలో ఉంటే, 11వ వచనం ఒక్కటే చదవడం కంటే ఆ ఉత్తరం మొత్తం వాళ్ళ గుండెకి ఎంత దగ్గరగా వెళ్తుందో ఆలోచించండి.

వచనాన్ని ఉన్నచోటు నుంచి పీకి వాడటం ఎవరు చేశారో మత్తయి 4:6లో చూడొచ్చు, దేవాలయ శిఖరం మీద సాతాను కోట్ చేసింది 91వ కీర్తనలోని మాటలే.

లూకా 5కి ఈ ప్రశ్నలు పెడితే ఏం దొరుకుతుందంటే, తర్వాతి భాగంలో కుష్ఠరోగి, ఆ తర్వాత పక్షవాయువు ఉన్న మనిషి పాపాలు క్షమించడం, ఆ తర్వాత 5:28లో పన్ను వసూలుచేసే లేవి కూడా అన్నీ వదిలి వెంబడించడం, చివరికి 5:32లో యేసే "నేను పిలవడానికి వచ్చింది పాపుల్ని" అని చెప్పడం. నేను పాపాత్ముణ్ణి అని సీమోను 8వ వచనంలో అన్నాడు, అధ్యాయం 32వ వచనానికి వచ్చేసరికి దానికి జవాబు వచ్చేసింది. ఈ ముడి ఏ వ్యాఖ్యానం చూడకుండానే దొరికింది, అధ్యాయం పూర్తిగా చదివితే చాలు.

ఇంకో చిన్న పని. మీ సంఘంలో జాలారిపేట వాళ్ళో ఫిషింగ్ హార్బర్ దగ్గర పనిచేసేవాళ్ళో ఉంటే వెళ్ళి కూర్చుని అడగండి, రాత్రంతా వేటకెళ్ళి ఖాళీగా వచ్చి వల కడిగి సర్దేసుకున్నాక, వేట తెలియని మనిషెవరో వచ్చి మళ్ళీ పద అంటే ఎలా ఉంటుంది అని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం టైమ్‌లో అయితే వాళ్ళు తీరిగ్గా మాట్లాడతారు కూడా. "నీ మాట చొప్పున వలలు వేతును" అనే మాట ఎంత బరువైనదో మీకు ఏ పుస్తకం కంటే వాళ్ళే బాగా చెప్తారు.

గురువారం: పాఠం మొత్తం ఒక్క వాక్యంలో

ఇప్పుడు ఈ పాఠం ఏం చెప్తుందో ఒకే వాక్యంలో రాయాలి, రెండు కాదు. రాయలేకపోతే ఇంకా అర్థం కాలేదని, బుధవారానికి వెనక్కి వెళ్ళండి. లూకా 5:1-11కి నేనైతే ఇలా రాస్తా: "యేసు ఎవరో కళ్ళారా చూసి, నేను పాపిని వెళ్ళిపొమ్మన్న మనిషిని యేసు వదిలి వెళ్ళకుండా తన పనికి పిలుచుకున్నాడు." మీ వాక్యం వేరేలా ఉండొచ్చు, గానీ 8, 10, 11 వచనాలు అందులో లేకుండా ఉంటే మాత్రం అది తప్పు వాక్యమే.

ఇప్పుడు వ్యాఖ్యానాలు తీయండి, సీనియర్ పాస్టర్ గారిని అడగండి, మీరు రాసింది ఆయనకి చూపించండి. అప్పుడు మీ దగ్గర పోల్చుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది, సోమవారమే వ్యాఖ్యానం తెరిస్తే అది రాసినాయన ఆలోచనే మీదైపోతుంది.

శుక్రవారం: పాయింట్లు ప్రాస కోసం పుట్టకూడదు

మనవాళ్ళకి ప్రాస పిచ్చి ఉంది, ఒప్పుకోవాలి. "పిలుపు, మలుపు, గెలుపు" అని పెడితే వినడానికి బాగుంటుంది, రాసుకోవడానికీ బాగుంటుంది, గానీ పాఠంలో గెలుపే లేకపోతే ఆ మూడో పాయింటు ఎక్కడి నుంచి తెస్తారు? ప్రాస కుదిరిందని లేని దాన్ని ఇరికించడం కంటే ప్రాస లేని రెండు పాయింట్లు మేలు. మూడే ఉండాలని ఏ చట్టమూ లేదు.

పాఠం కదిలినట్టే మీరూ కదలండి. లూకా 5కి: 1-3 వాక్యం చెప్పడానికి యేసు సీమోను దోనె అడిగాడు, 4-7 సీమోను అనుభవం ఒకటి చెప్తుంటే యేసు మాట ఇంకోటి చెప్పింది, అతను మాట విన్నాడు, 8-10 మొదటి సగం, చేపలు చూడాల్సినవాడు తనని తాను చూసుకున్నాడు, 10 చివర నుంచి 11, భయపడకుము అనే మాట, పిలుపు, వదిలేయడం. టైమ్ కూడా అలాగే పంచండి, మొదటి రెండూ పది నిమిషాల్లో అయిపోవాలి, మూడు నాలుగు దగ్గర నిలబడాలి. మనవాళ్ళు ఇరవై ఐదు నిమిషాలు దోనెలోనే ఉండి చివర్లో "టైమ్ అయిపోయింది కాబట్టి" అని అసలు సంగతి మింగేస్తారు.

రిఫరెన్సులు రెండు, మహా అయితే మూడు. పాఠాన్ని వివరించడానికి నిజంగా పనికొచ్చేవి మాత్రమే, ఇక్కడైతే 5:32 ఒక్కటే చాలు. ముసలమ్మ గారు ఓబద్యా ఎక్కడుందో వెతుక్కునేలోపు మీరు హగ్గయికి వెళ్ళిపోతే ఆవిడకి రెండూ దక్కవు.

కథలు, వాట్సాప్ సైన్స్

ఉదాహరణలు చెప్పండి, వద్దనను, గానీ నిజమైనవి చెప్పండి. యెహోషువ 10వ అధ్యాయంలో సూర్యుడు నిలిచిన రోజు నాసా కంప్యూటర్లలో "తప్పిపోయిన రోజు"గా బయటపడింది అనే కథ ఇప్పటికీ పల్పిట్ల మీద తిరుగుతోంది, అది కట్టుకథ, నాసా అలాంటిదేదీ కనిపెట్టలేదు. సూదిబెజ్జం అంటే యెరూషలేములో ఒక చిన్న గుమ్మం, ఒంటె మోకాళ్ళ మీద వంగి దూరేది అనేది ఇంకోటి. మొదటి శతాబ్దంలో అలాంటి గుమ్మం ఉందనడానికి ఆధారమే లేదు. పైగా మార్కు 10:27లో యేసు మనుష్యులకి ఇది అసాధ్యం అన్నాడు, ఒంటె వంగితే దూరుతుంది అంటే ఆయన చెప్పినదానికి మనం రివర్స్ చెప్పినట్టు. యూత్ ఇప్పుడు బెంచీలో కూర్చునే గూగుల్ చేస్తారు, ఒక కథ అబద్ధమని తేలితే మీరు చెప్పిన వాక్యాన్ని కూడా అదే లెక్కలో వేస్తారు.

శనివారం: మన ఊరి మనుషులకి ఎలా తగులుతుంది

అన్వయం పాఠం చెప్పిన దిక్కునే వెళ్ళాలి. మార్కు 4:35-41 తీసుకోండి, తుఫాను నిమ్మళించిన సంగతి. ఎక్కడైనా దీన్ని "మీ జీవితంలో తుఫానులు" అని మొదలెడతారు, అప్పులు ఒక తుఫాను, అత్తగారు ఒక తుఫాను. వైజాగ్‌లో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్ళకి, అది ఆదివారమే, తుఫాను అంటే ఏంటో ఎవరూ వర్ణించక్కర్లేదు, ఆ గాలి హోరు గుర్తుంది. ఆ పాఠం "ఈయన ఎవరో" అనే ప్రశ్నతో ముగుస్తుంది, గాలి ఆగిపోయాక శిష్యులు మిక్కిలి భయపడ్డారు. అంటే అన్వయం "నీ సమస్య తీరిపోతుంది" దగ్గర ఆగకూడదు, సముద్రం మాట వినే ఈయన ఎవరు అనే దగ్గరికి మనిషిని తీసుకెళ్ళాలి.

లూకా 5కి కూర్చుని మీ సంఘంలో మనుషుల్ని ఒక్కొక్కరినీ తలుచుకోండి, పేర్లు పల్పిట్ మీద చెప్పడానికి కాదు, మీకు మీరే. స్టీల్ ప్లాంట్‌లో ముప్పై ఏళ్ళు చేసి నాకు తెలియందేముంది అనుకునే పెద్దాయనకి 5వ వచనం. పాత జీవితం గుర్తొచ్చి ప్రభు బల్లకి దూరంగా కూర్చునే కుర్రాడికి 8, 10 వచనాలు, అతను కూడా "నన్ను విడిచిపొమ్ము" అనే అంటున్నాడు కదా, యేసు వెళ్ళిపోలేదు అని చెప్పాలి అతనికి. వ్యాపారం బాగా నడుస్తున్నవాళ్ళకి 11. అందరూ రేపు ఉద్యోగం మానేయమని కాదు, ఆ పిలుపు వాళ్ళకి వచ్చిన తీరు వేరు, గానీ చేపలకంటే ఆయన ఎక్కువ అని తేల్చుకోవడం మాత్రం అందరికీ ఉంది. ఒకరిని ఎత్తిపొడవడానికి పాఠం వాడొద్దు, కమిటీ గొడవలు పల్పిట్ మీద తీర్చుకోవడం పాఠాన్ని ఎత్తుకెళ్ళడమే.

శనివారం రాత్రికి మొదటి రెండు నిమిషాలు, చివరి రెండు నిమిషాలు పూర్తిగా రాసి పెట్టుకోండి. మధ్యలోది పాయింట్లుగా ఒక పేజీ చాలు. ఒకసారి గట్టిగా చెప్పుకుని టైమ్ చూసుకోండి, ముప్పై ఐదు నిమిషాలు దాటితే కోయండి, కోసేటప్పుడు కథ కోయండి, వచనం కాదు.

ఆదివారం

పాఠం మీరే నెమ్మదిగా చదవండి, సగం మంది ఫోన్లో వెతుక్కుంటుంటారు, ఆగండి. చదువురాని పెద్దవాళ్ళకి ఈ చదవడమే బైబిల్, దాన్ని పరుగెత్తించకండి. మాట్లాడేటప్పుడు "10వ వచనం చూడండి" అని మళ్ళీ మళ్ళీ వాళ్ళ కళ్ళని పేజీ మీదకి తీసుకురండి. మైక్‌లో ఎకో తగ్గించమని సౌండ్ చూసే తమ్ముడికి ముందే చెప్పండి, పాటకి బాగుంటుంది గానీ వాక్యం సగం గోడల్లో పోతుంది. నిమిషానికోసారి ఆమేన్ అడగకండి, అర్థమైతే వాళ్ళే అంటారు.

ఎదురయ్యే రెండు మాటలు

"ఇంత ప్రిపరేషన్ ఏంటి బాబూ, ఆత్మ దేవుడు ఆ సమయానికి మాట ఇస్తాడు కదా" అని పెద్దవాళ్ళు అంటారు, మత్తయి 10:19 చూపిస్తారు. వాదించకుండా ఆ వచనానికి కూడా బుధవారం ప్రశ్నలు పెట్టండి. 17, 18 వచనాల్లో మహాసభలకీ అధిపతుల దగ్గరకీ లాక్కెళ్ళినప్పుడు అనుంది, అరెస్టయినవాళ్ళకి ఇచ్చిన మాట అది, వారం ముందు ఫోన్ చేసి చెప్పిన ఆదివారం ప్రసంగానికి కాదు. సోమవారం నుంచి శనివారం దాకా కూడా ఆత్మ దేవుడు పనిచేస్తాడని నమ్మడంలో తప్పేముంది?

"టాపిక్ మెసేజ్ పాపమా అయితే?" పాపం కాదు. పెళ్ళికో భూస్థాపన కూటానికో బాప్తిస్మానికో టాపిక్ ఉండక తప్పదు. అప్పుడు కూడా ఆ టాపిక్ గురించి బాగా మాట్లాడే ఒక్క పాఠం తీసుకుని అందులోనే ఉండండి. భూస్థాపనకి యోహాను 11 చాలు, మార్తకి ఒక జవాబు, మరియకి కన్నీళ్ళు, రెండూ ఉన్నాయి అందులో.

శనివారం రాత్రి తొమ్మిదికి ఫోన్ వస్తే

వారం ఉంటే పైనంతా చేస్తారు, లేకపోతే? అప్పుడు చిన్న కీర్తన తీసుకోండి, 121 లేదా 130, ఎనిమిదేసి వచనాలే, ముందు వెనక అధ్యాయాలు పెద్దగా తిరగేయక్కర్లేదు. పడుకునే ముందు ఐదారుసార్లు గట్టిగా చదివి ఒక్క వాక్యం రాసుకోండి, పొద్దున్నే లేచి వచనం వరసలో నాలుగు పాయింట్లు పెట్టుకోండి, కథలు వద్దు. పదిహేను నిమిషాల్లో అయిపోతే కూర్చోండి, పాట ఇంకోటి పాడతారు.